మూడు గ్లాసుల పరీక్ష

ఏం పని చేస్తున్నావని మా నాన్నగారు ఫోన్‌లో అడిగినప్పుడల్లా "ఫుడ్ ల్యాబ్‌లో" అనేదాన్ని. అబద్ధమేమీ కాదు. యూనివర్సిటీవాళ్లు శిక్షణ కోసం నాకు చూపించిన ఆ ల్యాబ్ ఒక బీరు ఫ్యాక్టరీలో ఉందన్న సంగతి మాత్రం మింగేసేదాన్ని. నాన్నగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు, మద్యపానానికి వ్యతిరేకంగా ఊరూరా తిరిగి మాట్లాడిన మనిషి. ఆయన కూతురు మెల్‌బోర్న్‌లో తెల్లకోటు తొడుక్కుని, పొద్దున్నే బీరు గ్లాసులు వరసగా పేరుస్తోందని తెలిస్తే నా చదువు ఆ వారమే ముగిసిపోయేది.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే దారిలో ఉండిపోయాను. బీరు, జ్యూసు, బిస్కెట్లు, పిల్లల పాలపొడి, ఏదైనా సరే, జనం నాలుక మీద పెడితే ఏమంటారో కనుక్కోవడమే నా వృత్తి. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడుగుతుంటారు. బెస్ట్ సంగతి నాకు తెలియదు. మర్చిపోలేనిది మాత్రం ఒకటుంది. నేనింకా స్టూడెంటుగా ఉన్నప్పుడు జరిగింది, ఘోరంగా బెడిసికొట్టింది. అదే చెప్తాను, వినండి.

అప్పట్లో నేను మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఒక అంకుల్, ఆంటీల ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. ఆంటీ హాస్పిటల్లో నర్సు. అంకుల్‌ది బాపట్ల దగ్గర పల్లె. బీకాం చదివి వచ్చినా, ఇక్కడ ఆ బీకాం ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను శిక్షణకు వెళ్లే ఫ్యాక్టరీలోనే, నేలమాళిగలో, స్టౌట్ సెక్షన్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నారు. స్టౌట్ అంటే నల్లటి బీరు. బార్లీని కాఫీ గింజల్లా మాడేదాకా వేయించి చేస్తారు. దాన్ని పెద్ద ట్యాంకుల్లో మాగబెట్టి, ఎప్పుడు బయటికి తియ్యాలో చూసుకోవడం అంకుల్ వాళ్ల పని. ఆయనతో పాటు ఇంకో ఐదారుగురు ఉండేవాళ్లు. ఇటలీవాళ్లు, మాల్టావాళ్లు, అందరూ జుట్టు నెరిసినవాళ్లే. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ ముక్కల ఇంగ్లీషుతోనే పెళ్లిళ్లకూ చావులకూ ఒకరింటికొకరు వెళ్లేంత దగ్గరయ్యారు.

షిఫ్టు అయ్యాక ప్రతి పనివాడికీ ఒక గ్లాసు బీరు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. లాగర్, అంటే లేతరంగు మామూలు బీరు, చేసే సెక్షన్ వాళ్లు పైన ఎండలో కూర్చుని చల్లటి లాగర్ తాగేవాళ్లు. వీళ్లు కిందే, ట్యాంకుల పక్కన నిలబడి, తాము చేసిన స్టౌట్ తాగేవాళ్లు. అంకుల్ తాగేది రోజంతటికీ ఆ ఒక్క గ్లాసే. ఇంటికొచ్చే దారిలో కారులో సోంపు నమిలేవారు. ఆదివారం మా తెలుగువాళ్ల చర్చి ఫెలోషిప్‌లో డోలక్ వాయించేది ఆయనే. ఆయన ఎక్కడ పనిచేస్తారో అక్కడ అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. "మా ఆయనది కోల్డ్ స్టోరేజ్‌లో పనండీ" అని ఆంటీ అనేవారు. అదీ అబద్ధమేమీ కాదు. మా ఇంట్లో మేమందరం అబద్ధం కానివే చెప్పుకునేవాళ్లం.

ఫ్యాక్టరీలో నా పైఅధికారి చీఫ్ బ్రూవర్, అంటే బీరు తయారీ అంతటికీ పెద్ద. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెద్దాయన, పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ ఏదో వాసన పసిగడుతున్నట్టు ఉండేవారు. మొదటిరోజే నేను భయంభయంగా "నాకు తాగే అలవాటు లేదు సార్" అన్నాను. "మంచిది. ఇక్కడ తాగేవాళ్లకు కొదవలేదు. రుచి చూసేవాళ్లే దొరకరు" అన్నారు. ఆ రోజు నుంచి దగ్గుమందులా గుటకెడు నోట్లో పోసుకోవడం నేర్చుకున్నాను. మొదటి వారం రాత్రుళ్లు ప్రార్థనలో క్షమాపణ కూడా అడిగేదాన్ని. రెండో వారానికి అడగడం మానేశాను. అలవాటు ఎంత తొందరగా పడుతుందో అప్పుడే గమనించి ఉండాల్సింది.

నా యూని ప్రాజెక్టుకు విషయం ఇచ్చింది కూడా ఆయనే. మా ఫ్యాక్టరీని మొదట పెట్టినవాళ్లు ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి బ్రూవరీ నుంచి వచ్చారట. ఆ పాత బ్రూవరీ అమ్మే బీర్ల వరస ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎలా మారిందో రాయమన్నారు. నాకు ఒళ్లు మండింది. తాగని దానికి బీరు చదువే ఎక్కువైతే, మళ్లీ బీరు చరిత్రా? కానీ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

చదివితే తెలిసింది, ఆ శతాబ్దం మొదలయ్యేనాటికి ఆ చిన్న ఊరి బ్రూవరీలో పదికి పైగా రకాలు చేసేవాళ్లని. మైల్డ్ అనే బీరు ఒక్కటే బలాన్ని బట్టి మూడు నాలుగు తరగతులు. పీపా మీద ఒక ఇంటూ గుర్తు ఉంటే పలుచటిది, మూడు ఉంటే తల తిరిగేది. లేతరంగు చేదు బీర్లు వేరే. భోజనంతో తాగడానికి సీసాల్లో తేలికపాటిది ఒకటి, అప్పుడప్పుడే ఊపందుకుంటోంది. పోర్టర్ అనే నల్ల బీరు, దానికన్నా చిక్కటి స్టౌట్లు. చెక్క పీపాల్లో ఏడాది పాటు మాగి కాస్త పులుపెక్కే పాత బీరు ఒకటి. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ధాన్యం తెచ్చే ఓడలు సముద్రంలో మునిగిపోతుంటే ఉన్న గింజలు రొట్టెకా బీరుకా అన్న ప్రశ్న వచ్చింది. ప్రభుత్వం పన్ను పెంచింది, ఎంత చెయ్యాలో ఎంత బలంగా చెయ్యాలో కట్టడి పెట్టింది. ఒక్కొక్క రకమే రాలిపోయింది. మిగిలినవాటిని పలచన చేస్తూ పోయారు. యుద్ధం అయిపోయాక పన్ను దిగలేదు, పాత బలమూ పూర్తిగా తిరిగి రాలేదు. చివరికి మిగిలిన మూడు నాలుగు రకాలకు పాత పేర్లే ఉన్నాయి గానీ, లోపల ఉన్నది వేరు.

ఇదంతా పద్ధతిగా రాసి, ముగింపులో "ప్రజల అభిరుచి మారడం వల్ల ఈ మార్పులు వచ్చాయి" అని ఒక వాక్యం పెట్టాను. అలాంటి వాక్యం పెడితే యూనిలో బాగుంటుంది. చీఫ్ బ్రూవర్ దాని మీద అడ్డంగా గీత గీశారు.

"ఎవరి అభిరుచి? వాళ్లను ఎవరైనా అడిగారా?"

తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని వాళ్ల తాత కథ చెప్పారు. ఆ తాత అదే బ్రూవరీలో పీపాలు చూసుకునేవాడట. యుద్ధానికి వెళ్లి, ఏళ్ల తర్వాత బతికి తిరిగొచ్చాడు. వచ్చిన రోజే ఊళ్లో పబ్బుకు వెళ్లి తను రోజూ తాగిన మైల్డే పోయించుకున్నాడు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "ఇదేం నీళ్లు?" అన్నాడు. పక్కన కూర్చున్న తాత సొంత అన్న, యుద్ధమంతా ఊళ్లోనే ఉండి రోజూ అదే బీరు తాగినవాడు, నిజంగానే ఆశ్చర్యపోయాడట. "ఎప్పుడూ ఉండేదే కదరా" అన్నాడట. అన్నదమ్ములు ఆ రాత్రి కొట్టుకున్నంత పని చేశారు.

"అన్న అబద్ధం చెప్పలేదు. ప్రతిసారీ కొంచెం కొంచెం మార్చారు. రోజూ తాగేవాడికి తెలియదు" అన్నారాయన.

ఆ మాట విన్న క్షణం నాకు మా ఎర్ర దీపాల గది గుర్తొచ్చింది. నా రోజువారీ పని అక్కడే. చిన్న చిన్న గూళ్లలాంటి బల్లలు, ఒక్కోదానికి గోడలో ఒక కిటికీ. ఇవతల నుంచి నేను మూడు గ్లాసులు లోపలికి నెడతాను. వాటిలో రెండు ఒకటే బీరు, ఒకటి వేరు. రంగు కనబడకుండా ఎర్ర దీపం. రుచి చూసేవాళ్లు ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. పట్టుకోలేకపోయారంటే తయారీలో చేసిన మార్పు పాసైనట్టు. ఏళ్ల క్రితం ఫ్యాక్టరీ చేతులు మారి కొత్త యజమానులు వచ్చినప్పటి నుంచి స్టౌట్ మీద ఇలాంటి పరీక్షలు బోలెడు జరిగాయి. మాడబెట్టిన బార్లీ కొంత తగ్గించి రంగు కలిపారు, పాస్. బార్లీ బదులు కొంత చక్కెర, పాస్. మాగబెట్టే రోజులు కుదించారు, అదీ పాస్. ఒకసారి నేను "సార్, నాకు తేడా తెలిసింది" అన్నాను కూడా. "నీ ఒక్కదానికి. లెక్క ఒప్పుకోదు" అన్నారు చీఫ్ బ్రూవర్, మొహం ఎటో తిప్పుకుని.

ప్రతి పరీక్షలోనూ కొత్త స్టౌట్‌ని పోల్చింది అంతకు ముందు నెల స్టౌట్‌తో. అంతకు ముందుదాన్ని దాని ముందుదానితో. మొదటిదానితో ఎవరూ, ఎప్పుడూ పోల్చలేదు. పద్ధతిలో ఎక్కడా తప్పు లేదు. అలాగే మెట్టు మెట్టుగా ఎంత కిందికి దిగిపోయామో కొలిచినవాడు మాత్రం లేడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పిడుగు పడింది. స్టౌట్ అమ్మకాలు పడిపోతున్నాయని, చలికాలం అయ్యేసరికి సెక్షన్ మూసేసి ఫ్యాక్టరీ మొత్తం లాగరే చేస్తుందని మేనేజర్ చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు, కుర్రవాడు, పైనుంచి వచ్చిన మాట కిందికి చెప్పాడు. కింద ఉన్నవాళ్లంతా యాభై దాటినవాళ్లు. ఆ నేలమాళిగ తప్ప వేరే పని తెలియనివాళ్లు.

 ఉద్యోగం ఒక్కటే కాదు అంకుల్ బాధ. ఈ దేశంలో ఆయన మాటకు విలువున్న చోటు అదొక్కటే. పైన ప్రపంచమంతా ఆయన ఇంగ్లీషును రెండోసారి చెప్పమని అడిగేది. కింద మాత్రం ట్యాంకు మీద చెయ్యి పెట్టి "రేపు" అంటే రేపే తీసేవాళ్లు. అది నాకు తెలుసు గనకే చీఫ్ బ్రూవర్ గదికి వెళ్లి అడిగాను, పాత స్టౌట్ ఒక్కసారి చేయగలమా, మొదటి పద్ధతిలో, ఏదీ తగ్గించకుండా, అని.

ఆయన తిరిగి నన్నే అడిగారు. "చేయొచ్చు. చేసి?"

"ఇప్పటిదాని పక్కన పెడదాం సార్. రెండూ తాగి వాళ్లే చెప్తారు, ఏం పోగొట్టుకున్నామో."

మేనేజర్ కూడా ఒప్పుకున్నాడు, కాకపోతే షరతు పెట్టాడు. ఏళ్ల తరబడి స్టౌట్ తాగుతున్న పనివాళ్లే రుచి చూడాలి. ఎక్కువమంది పాతదే కావాలంటే, దాన్ని మళ్లీ తెచ్చి సెక్షన్‌ని నడిపే విషయం తను పైవాళ్లతో మాట్లాడతాడు. లేదంటే ఇక ఎవరూ ఈ మాట ఎత్తకూడదు.

ఆ సాయంత్రం వంటింట్లో అంకుల్ మొహం మీద మళ్లీ వెలుగు చూశాను.

"అమ్మాయ్, నాకు టెస్టే అక్కర్లేదు. వాసన చూసి చెప్పేత్తాను. నేను జాయినైనప్పుడు చేసిన స్టౌటు ఇంకా ఇక్కడుందమ్మా" అని నాలుక చూపించారు. "ఏయ్, ఇదిగో, ఈ వీక్ అంతా ఇంట్లో ఆవకాయ, వెల్లుల్లి కారం బంద్. టంగ్ క్లీన్‌గా ఉండాలి."

"పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి! లెంట్‌లో చెయ్యని ఉపవాసం బీరు కోసం చేత్తన్నారు చూడమ్మా" అన్నారు ఆంటీ, నవ్వాలో ఏడవాలో తెలియక.

హైస్కూల్లో చదువుతున్న వాళ్లమ్మాయి పుస్తకం లోంచి తలెత్తకుండానే, "డాడ్, ఇట్స్ జస్ట్ బీర్" అంది.

"జస్ట్ బీర్ కాదు నాన్నా, నా లైఫ్ అది" అన్నారు అంకుల్.

ఆదివారం ఫెలోషిప్‌లో ఆయన లేచి, తన ఉద్యోగం కోసం ప్రార్థించమని అడిగారు. అందరూ తలలు వంచారు. పాస్టర్‌గారు కళ్లు మూసుకుని "ప్రభువా, మా సహోదరుడు పనిచేసే సంస్థను వర్ధిల్లజేయుము" అన్నారు. ఇంతమంది విశ్వాసులు కలిసి ఒక స్టౌట్ కోసం మనస్ఫూర్తిగా ఆమెన్ చెప్పడం లోకంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. నేనే అందరికన్నా గట్టిగా అన్నాను.

పాత స్టౌట్‌ని ల్యాబ్ పక్కనున్న చిన్న ట్యాంకులో చీఫ్ బ్రూవర్, నేను చేశాం. కింది సెక్షన్ వాళ్లెవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు, ముందే రుచి చూస్తే పరీక్ష చెల్లదు కాబట్టి. బార్లీ మాడిన వాసనకి ల్యాబంతా పొగచూరినట్టు అయింది. వారాల తరబడి మాగనిచ్చాం. తీసిన రోజు నేను ఒక గుటక నోట్లో పోసుకున్నాను. గట్టి చేదు. వెనకనే మాడుకంపు, దాని వెనక ఏదో తీపి. చాలాసేపు వదల్లేదు. నాకు ఇష్టమో కాదో చెప్పలేను గానీ, ఇదొక అసలైన వస్తువని మాత్రం తెలిసింది. చీఫ్ బ్రూవర్ కళ్లు మూసుకుని తాగారు. తాగి ఏమీ అనలేదు. నేను దాన్ని సంతోషం అనుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున ఎర్ర దీపాల గది బయట స్టౌట్ సెక్షన్ వాళ్లూ, స్టౌట్ తాగే మిగతా సెక్షన్ల వాళ్లూ కలిసి పన్నెండుమంది పెళ్లికి వచ్చినట్టు గడ్డాలు గీసుకుని నిలబడ్డారు. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కాఫీ కూడా తాగకుండా వచ్చారు. ఈసారి మూడు కాదు, ఒక్కొక్కరికి రెండే గ్లాసులు. ఏది చేస్తే బాగుంటుందో చెప్పాలి. ఏ గ్లాసులో ఏముందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఒక్కో కిటికీలోంచి గ్లాసులు నెట్టాను. కాసేపటికి అవే కిటికీల్లోంచి తిరిగి రావడం మొదలైంది. మొదటి కిటికీ నుంచి ఒక ఖాళీ గ్లాసు, ఒక నిండు గ్లాసు వచ్చాయి. నిండుగా ఉన్నది పాత స్టౌట్. సరే, ఒకళ్లు అనుకున్నాను. రెండోదీ అంతే. మూడో కిటికీలో మాల్టా ఆయన పాత గ్లాసును రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన ఎలకని అవతల పడేసినట్టు ఇటు తోశాడు. 

అంకుల్ కూర్చున్నది చివరి గూట్లో. ఆయన కిటికీ తెరిచి ముందు ఖాళీ గ్లాసు ఇచ్చారు, అడుగున నురగ తప్ప చుక్క లేదు. అది ఇప్పటి స్టౌట్, రంగూ చక్కెరా కలిపినది. తర్వాత రెండోది ఇచ్చారు. ఒక్క గుక్క మాత్రం తగ్గింది. కిటికీలోకి తల వంచి, మాట్లాడకూడదన్న నియమం కూడా మరిచిపోయి గుసగుసగా అన్నారు.

"దొరికిపోయిందమ్మాయ్! ఈ రెండోది చూడు, కెమికల్. మాడు వాసన. నాలుక పట్టేసింది. ఇప్పుడోళ్ల పనంతా ఇట్టాగే ఉంటది. ఫస్ట్‌ది, అబ్బ, ఫస్ట్‌ది మనది. ఒక్క సిప్‌కే మొత్తం గుర్తొచ్చిందమ్మా."

 "సరే అంకుల్" అని మాత్రం అన్నట్టు గుర్తు.

పన్నెండుమందిలో ఇద్దరు తప్ప అందరూ ఇప్పటిదే కావాలన్నారు. ఆ ఇద్దరూ స్టౌట్ సెక్షన్ వాళ్లు కారు. మేనేజర్ విజయగర్వంతో ఏమీ మాట్లాడలేదు. మెల్లగానే అన్నాడు, "వాళ్లకు ఏది కావాలో వాళ్లే చెప్పారు కదా. నేనేం చేయగలను?"  నా పరీక్షలో నేను వెతికినా తప్పు దొరకదు.

ఆ మధ్యాహ్నం చీఫ్ బ్రూవర్ గదిలో కూర్చుని నేను ఏడ్చాను. చదువుకునే పిల్ల ఆఫీసులో ఏడిస్తే ఏమనుకుంటారో అన్న సిగ్గు కూడా లేకపోయింది. ఆయన టీ కప్పు నా ముందు పెట్టి, తాత కథలో అంతవరకు చెప్పని మిగతా సగం చెప్పారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి "ఇదేం నీళ్లు" అన్న ఆ తాత, గత్యంతరం లేక ఆ నీళ్లే తాగుతూ పోయాడట. కొన్నేళ్ల తర్వాత బ్రూవరీ ఓనరు తన కూతురి పెళ్లికి పనివాళ్లందరికీ పాత పద్ధతిలో బలమైన బీరు చేయించాడు. అందరికన్నా ముందు గ్లాసు పట్టుకున్నది తాతే. అందరికన్నా ముందు ఉమ్మేసింది కూడా తాతే. "పాడైపోయింది" అన్నాడట.

"ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాను కోపంగా.

"మా తాత ఒక్కడు కదా, అందరూ అలా ఉండరేమో అనుకున్నాను. నేను కూడా ఆశపడ్డానమ్మా" అన్నారాయన. ఆయన నిజంగా "అమ్మా" అనలేదు, ఇంగ్లీషులో ఏదో అన్నారు. నాకు మాత్రం అలా వినిపించింది.

మీరు ఈ ఉద్యోగంలోకి వస్తున్నారు గనక ఒక మాట చెప్తాను. జనం చెప్పేది నిజమే. వాళ్లకు ఇష్టమైనది వాళ్లకు నిజంగానే ఇష్టం. అయితే ఆ ఇష్టం ఎవరి చేతిలో, ఎన్నాళ్లుగా, ఎంతెంత మోతాదులో తయారైందో అడగకుండా "ప్రజల అభిరుచి" అని రాసేయకండి. నేను నా ప్రాజెక్టులో ఆ వాక్యం మళ్లీ పెట్టలేదు. మార్కులు మామూలుగానే వచ్చాయి.

అసలు ఘోరం ఆ తర్వాత మొదలైంది. ఫలితం విన్న అంకుల్ మండిపడ్డారు. "ఎవళ్లమ్మా ఆ పదిమంది? నోట్లో నాలుకలున్నాయా, చెప్పు ముక్కలున్నాయా? నేనొక్కణ్ణే కరెక్ట్‌గా చెప్పింది!" కిందికి వెళ్లి సెక్షన్‌లో అందరినీ నిలదీశారు. విచిత్రమేమిటంటే మాల్టా ఆయనా అదే అన్నాడు, ఇటలీవాళ్లూ అదే అన్నారు. పాతదానికే వోటేశానని ప్రతి ఒక్కడూ ప్రమాణం చేశాడు. ఏ ఒక్కడూ అబద్ధమాడలేదు. కానీ పది వోట్లు అటు పడ్డాయంటే ఎవడో ఆడాడనే కదా వాళ్ల లెక్క. ఇరవై ఏళ్లుగా ఒకే బల్ల మీద టిఫిన్ బాక్సులు విప్పుకున్నవాళ్లు విడివిడిగా తినడం మొదలుపెట్టారు. మేనేజర్ దగ్గర ఏదో పుచ్చుకున్నాడని ఒకరి గురించి ఒకరు గొణుక్కున్నారు. ఉద్యోగం పోవడం ఎలాగూ తప్పలేదు. ఉన్న స్నేహం కూడా పోయింది.

అందరూ పాతదనుకుని ఎంచుకున్నది ఇప్పటిదేనని చెప్పేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే వాళ్ల మధ్య అనుమానం పోతుంది. కానీ అంకుల్‌కి ఇక మిగిలిందల్లా తను గుర్తుపట్టానన్న నమ్మకం ఒక్కటే. అది కూడా లాక్కుంటే ఆ మనిషికి ఏం మిగులుతుంది? ఆంటీని అడిగాను. ఆవిడ చపాతీ పిండి కలుపుతూ, "ఏమోనమ్మా, నాకేం తోచట్లేదు" అన్నారు. నాకూ తోచలేదు. రోజులు గడిచిపోయాయి.

సెక్షన్ మూసేసే శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక ట్యాంకుల పక్కనే చిన్న వీడ్కోలు పెట్టారు. సాసేజీలు కాల్చారు, మేనేజర్ నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. మనుషులు దూరదూరంగా నిలబడ్డారు. అప్పుడు చీఫ్ బ్రూవర్ పైనుంచి ఒక చిన్న పీపా దించి తెచ్చారు. పరీక్షకు చేసిన పాత స్టౌట్‌లో మిగిలినది. మీరు చేరిన రోజుల్లో చేసినది ఇదే, మీకే దక్కాలి, అన్నారు. ఆయన ఉద్దేశం గౌరవమే. వద్దని సైగ చేసేలోపే గ్లాసులు నిండిపోయాయి.

అందరూ ఒకేసారి ఎత్తారు. ఇక్కడ ఎర్ర దీపం లేదు, మామూలు ట్యూబులైట్ల వెలుగే. అంకుల్ నోటినిండా తీసుకున్నారు. ఆగిపోయారు. మాల్టా ఆయన కూడా గ్లాసు దించి దానిలోకి చూస్తున్నాడు. ఎవరూ ఎవరివంకా చూడలేదు. 

అంకుల్ తల తిప్పి నా వైపు చూశారు.

"ఇదా అమ్మా?"

"ఇదే అంకుల్."

"మరి నేను ఆ రోజు..." అని ఆగిపోయారు. నేను తల దించుకున్నాను. ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

గ్లాసు ఎత్తి, ఆపకుండా, కషాయం తాగినట్టు మొత్తం తాగేశారు. ముఖం వికారంగా అయింది. మూతి కూడా తుడుచుకోకుండా గ్లాసు చీఫ్ బ్రూవర్ ముందుకు చాపి, "వన్ మోర్, ప్లీజ్" అన్నారు. ఎన్నడూ రెండో గ్లాసు అడగని మనిషి.

"అంకుల్, చాలు. ఇంటికి వెళ్దాం" అన్నాను చెయ్యి పట్టుకుని.

"ఉండమ్మాయ్. ట్వెంటీ ఇయర్స్ చేశాను దీన్ని. నా చేత్తో చేశాను. ఈ టేస్టు మళ్లీ గుర్తుకు రాకేం చేసుద్ది? వత్తది."

రెండోదీ తాగారు. మూడోది సగం తాగి, కళ్లు గట్టిగా మూసుకుని, ఎవరో పిలుస్తుంటే వినడానికి ప్రయత్నిస్తున్నట్టు నిలబడ్డారు. మాల్టా ఆయన దగ్గరికి వచ్చి, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అంకుల్ కళ్లు తెరిచారు.

"రావట్లేదమ్మా" అన్నారు.